యాభై ఎనిమిదో పేజీ

పోయిన వారం నన్ను నేనే సల్మీ ఊరి హైస్కూలు జిమ్ గుమ్మంలో, చేతిలో తడిసిన టోపీతో, నిలబెట్టి వదిలేశాను. లోపల మూడొందల మంది ఉన్నారు. నేను అడుగు పెట్టగానే మాటలన్నీ ఆగిపోయాయి. ఎందుకాగాయో మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకి తెలుసు. ఇవాళే చేతికి తీసుకున్నవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

కరెంటు కంపెనీ ఈ ఊళ్లో రెండొందల పన్నెండు ఇళ్లల్లో పాత ఆయిల్ ఫర్నేసులు పీకించి, ఇల్లు వెచ్చబెట్టే కొత్త కరెంటు మిషన్లు బిగించింది. ఊరికే ఇచ్చింది. షరతు ఒక్కటే. చలికాలం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా, రాష్ట్రమంతా కరెంటు వాడకం నెత్తికెక్కే వేళ, కంపెనీ నాలుగొందల మైళ్ల అవతల కూర్చుని మీ ఇంటి వేడిని అరవై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీల నుంచి అరవై రెండుకి దించేస్తుంది. మరీ తట్టుకోలేకపోతే గోడమీద ఒక బటన్ ఉంది, నొక్కితే ఆ పూటకి వదిలేస్తారు. మొదటి రెండు చలికాలాల్లో ఆ బటన్ నొక్కినవాళ్లు నలుగురంటే నలుగురు. కంపెనీ పండగ చేసుకుంది. కానీ కరెంటు వాడకం అనుకున్నంత తగ్గలేదు. చూస్తే, అరవై ఒక్క ఇళ్లల్లో సరిగ్గా ఐదింటికి గది నలభై డిగ్రీలకి పడిపోయినట్టు కంప్యూటర్ చూపిస్తోంది. గోడమీద వేడి కొలిచి మిషన్ని నడిపే థర్మోస్టాట్లు పాడయ్యాయనుకున్నారు ఇంజనీర్లు. అరవై ఒకటీ మార్చారు. మళ్లీ అదే తంతు. మళ్లీ మార్చారు.

అప్పుడు నేను గుర్తొచ్చాను. వంటంతా అయ్యాక ఉప్పు చూడమని పిలిచినట్టు పిలిచారు. నా పేరు కరోలిన్ బ్రాండ్, చదివింది సమాజశాస్త్రం, అందులోనే డాక్టరేటు. యూనివర్సిటీ ఎనర్జీ ల్యాబులో ఇంజనీర్లు పద్నాలుగు మంది, నేనొక్కదాన్ని. రెండు చలికాలాలు ఈ ఊరి వంటగదుల్లో కూర్చుని కాఫీ తాగాను, విన్నాను. థర్మోస్టాట్లు నిక్షేపంలా ఉన్నాయి. సాయంత్రం ఐదు కొట్టగానే జనం ఫ్రీజర్లోంచి పచ్చిబఠాణీల సంచీ తీసి వాటి నెత్తిన వేలాడదీస్తున్నారు. ఇల్లు గడ్డకట్టుకుపోతోందనుకుని మిషన్ వేడి మీద వేడి కొడుతోంది. అంతే సంగతి.

ఆ సంగతి రిపోర్టులో రాశాను. పేర్లు రాయలేదు, రాయనని ప్రతి గుమ్మంలోనూ మాటిచ్చాను. కానీ నలభై ఒకటో పేజీలో "శ్రీమతి కె" గురించి రాస్తూ, ఆవిడ వాకిట్లోని ఆకుపచ్చ రంగు మంచుపారనీ, ముందు గదిలో భర్తకి పెట్టిన ఆక్సిజన్ మిషన్నీ, కిటికీలోంచి కనిపించే ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తే పాత రేవునీ వదల్లేదు. మా చదువులో అలాగే నేర్పుతారు. పేరు మార్చు, వివరం ఉంచు, వివరమే నీకు రుజువు అంటారు. పదకొండొందల మంది ఉన్న ఊళ్లో ఇక పేరెవడిక్కావాలి? హిల్యా పెర్టులా అని బడిపిల్లలు కూడా చెప్పేశారు.

మిషన్ని ఏమార్చినట్టు తేలితే తిరిగి తీసుకుపోతామని ఒప్పందంలో ఉంది. హిల్యాకి నోటీసొచ్చింది. గురువారం కంపెనీ మనుషులొస్తారు. ఆవిడ పాత ఫర్నేసు ఎప్పుడో తుక్కులోకి పోయింది. ఆవిడ భర్త వైనోకి గనిలో ముప్పై ఏళ్ల దుమ్ముతో సగం ఊపిరే మిగిలింది, చల్లగాలి తగిలితే ఆ సగమూ అందదు. ఇవాళ మంగళవారం, నవంబరు పదిహేను. ఈలోగా ఆ మిషన్ పోకుండా ఆపగలిగింది ఏదైనా ఉంటే, అది ఈ పథకం మీద ఈ జిమ్‌లో జరిగే విచారణ ఒక్కటే.

నవంబరు పదిహేను అంటే ఇక్కడ జింకల వేటకి తొలి రోజు. బడికి సెలవు, మిల్లు నడవదు, పెళ్లిళ్లు కూడా పెట్టుకోరు. రాజధానిలో ఎవరో క్యాలెండర్ చూసి, ఖాళీగా ఉంది కదా అని ఆ రోజే విచారణ వేశారు. ఎవరూ రారులెమ్మని కంపెనీ లోలోపల సంతోషించి ఉంటుంది. ఊరు ఊరంతా వచ్చింది, మగాళ్లు నారింజరంగు వేటకోట్లు విప్పకుండానే వచ్చి కూర్చున్నారు. ఒక్క చూపుకే తెలిసిపోయింది వీళ్లెంత మండిపడుతున్నారో, అందులో సగం ఎవరిమీదో.

గోడ పక్కన బల్లమీద చర్చి ఆడవాళ్లు మాంసం కూరిన పేస్టీలూ కాఫీ పెట్టారు. కాఫీ పోస్తున్నది హిల్యానే. డెబ్బై నాలుగేళ్ల మనిషి, చెక్కలా నిటారుగా నిలబడి పోస్తోంది. ఈ ఊళ్లో మనిషి గుమ్మం దాటగానే, పేరడక్క ముందే కాఫీ పోస్తారు. రెండేళ్లలో హిల్యా చేతి కాఫీ నేను వంద కప్పులకి తక్కువ తాగలేదు. కప్పు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కెటిల్‌ని తన వైపుకి తిప్పుకుంది.

"అయిపోయింది," అంది.

కెటిల్ మూతి దాకా ఉంది. నాకు కనిపిస్తోంది, ఆవిడకీ తెలుసు నాకు కనిపిస్తోందని.

"హిల్యా, నేను..."

"శ్రీమతి కె అను. అదేగా నువ్వు పెట్టిన పేరు."

"నాకు తెలియలేదు హిల్యా. జనం ఇట్టే పోల్చుకుంటారని అనుకోలేదు."

"రెండేళ్లు మా ఇంట్లో కూర్చున్నావు. ఈ ఊళ్లో ఎవరి పార ఏ రంగో ఎవరికి తెలియదనుకున్నావు? వైనోకి చదివి వినిపించాను నీ పుస్తకం. మొదట నవ్వాడు. తర్వాత దగ్గాడు. ఎంతసేపు దగ్గాడో కూడా రాసుకుంటావా? కలముందా?"

"నన్ను క్షమించు."

"నీ క్షమాపణ ఏం చేసుకోను, ఫర్నేసులో వేసుకోనా? అదీ లేదే ఇంట్లో."

నా వెనకాల ఎవరో నవ్వారు. నారింజకోటు వేసుకున్న ఎడ్డీ, పెట్రోలు బంకు ఎడ్డీ. "డాక్టరమ్మా, మా నాన్నని పాతిపెట్టిన ఏడాది కూడా ఈ రోజు నేను అడివిలోనే ఉన్నా. నీ పుణ్యమా అని ఇవాళ ఈ మడత కుర్చీలో కూర్చున్నా. ఇదీ రాసుకో, పేరు మాత్రం మార్చు. శ్రీమాన్ ఇ అని రాయి, నన్నెవడూ పోల్చుకోలేడు." ఆ వరసలో అందరూ పగలబడి నవ్వారు. నేను ఖాళీ కప్పు బల్లమీద పెట్టి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే అదీ వాళ్లకి దొరికినట్టేనని మింగేశాను.

విచారణ నడిపేది రాష్ట్ర విద్యుత్ కమిషన్ నుంచి వచ్చిన బెవర్లీ స్ట్రౌడ్. కళ్లద్దాలు ముక్కుమీద, చేతిలో పెన్సిలు, ముఖంలో ఏమీ ఉండదు. కంపెనీ తరఫున నన్ను ప్రశ్నించడానికి లేచినవాడు గ్లెన్ రౌటియో, వాళ్ల పెద్ద ఇంజనీరు. ఈ మిషన్ల పథకమంతా అతని బుర్రలో పుట్టిందే. సల్మీలోనే పుట్టి పెరిగాడు, పద్దెనిమిదేళ్లకి చదువుకి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. తల్లి ఐలీ ఇప్పటికీ బే స్ట్రీట్‌లో ఒక్కతే ఉంటుంది. ఆవిడ మూడో వరసలో కూర్చుని ఊలు అల్లుకుంటోంది. కొడుకు పొద్దున సాక్ష్యం చెప్తూ చెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే అల్లిక ఆపి చూసిందట, ఎవరో చెప్పారు.

"డాక్టర్ బ్రాండ్ గారూ," అన్నాడు గ్లెన్. ఆ గారూ అనేదాన్ని చేత్తో పట్టుకుని దులిపినట్టు అన్నాడు. "మీరెన్ని ఇళ్లకి వెళ్లారు?"

"ఎనభై మూడు."

"రెండొందల పన్నెండులో ఎనభై మూడు. మిగతా నూట ఇరవై తొమ్మిది ఇళ్లవాళ్లు కాఫీ ఇవ్వలేదా?"

జిమ్ అంతా గొల్లున నవ్వింది.

"మేం ప్రతి ఇంట్లో నిమిషానికోసారి కొలత తీసుకున్నాం. మీరు దేంతో కొలిచారు?"

"కూర్చున్నాను. విన్నాను."

"అంటే చెవులతో."

"మీ కొలతలు విని అరవై ఒక్క థర్మోస్టాట్లు రెండుసార్లు మార్చారు గ్లెన్. నేను కాఫీ తాగి అవి బాగానే ఉన్నాయని చెప్పాను."

ఈసారి నవ్వు నా వైపుకొచ్చింది. కొంచెమే, ఎడ్డీ కూడా ముక్కులోంచి ఒకసారి నవ్వాడు. గ్లెన్ మెడ ఎర్రబడింది. నాకు లోపల తియ్యగా అనిపించింది, అబద్ధం చెప్పను. ల్యాబులో ఎనిమిదేళ్లుగా నా గది తలుపుమీద ఎవరో 'మెత్తటి శాస్త్రం' అని అంటించిన కాగితం చూస్తూ లోపలికెళ్తున్నదాన్ని నేను. మిషన్ ఎలా ఉండాలో అడిగే మీటింగుకి నన్నెప్పుడూ పిలవలేదు. జనం ఒప్పుకోకపోతే ఎలా ఒప్పించాలో అడిగే మీటింగుకి మాత్రం మర్చిపోకుండా పిలిచారు.

"శనివారాల సంగతి చెప్పండి," అన్నాడతను, కాగితం చూస్తూ. "మిగతా రోజులకన్నా శనివారం ఈ మోసం రెండింతలుంది. కాఫీ ఏం చెప్పింది?"

"శనివారం సాయంత్రం ఐదింటికి ఈ ఊరంతా సౌనాలో ఉంటుంది. ఆవిరిలో ఒళ్లు కాచుకుని, తడి జుట్టుతో, పిల్లల్ని తువ్వాళ్లలో చుట్టుకుని ఇంట్లోకొస్తారు. సరిగ్గా అప్పుడే మీ కంప్యూటర్ ఇంట్లో వేడి దించేస్తుంది. శనివారం అంటే ఇక్కడేంటని మీవాళ్లలో ఒక్కరు కూడా అడగలేదు."

"నేనిక్కడ పుట్టాను. సౌనా గురించి మీరు నాకు చెప్తారా?"

"మీకు తెలుసు. తెలిసి కూడా లెక్కలో వెయ్యలేదు. అందుకే నాకు మరీ కోపం."

"బటన్ పెట్టాను!" మొదటిసారి గొంతు పెంచాడు. "అందుకేగా బటన్ పెట్టింది. చలేస్తే నొక్కండి అన్నాను. ఎవరూ అడ్డుపడరు, ఎవరూ ఎందుకని అడగరు. నలుగురు నొక్కారు. మిగతావాళ్లు దొంగతనం ఎందుకు చేశారు?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ రెండేళ్ల కష్టమంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబే.

"బటన్ నొక్కితే మీ దగ్గర పేరు పడుతుంది కాబట్టి. నాకు చలేస్తోంది, నావల్ల కావడం లేదు అని ఇంకొకళ్లకి చెప్పుకోవడం ఈ ఊళ్లో చిన్నతనం. వీళ్లు సాయం అడగరు. సాయం అడగాల్సిన పని లేకుండా ఇంట్లోవాళ్లని వెచ్చగా ఉంచుకునే దారి వెతుక్కుంటారు. మీరు అడగమన్నారు. బఠాణీలు ఏమీ అడగవు."

నిజమే చెప్పాను. నిజం చెప్పిన తీరు చూడండి, మూడొందల మంది ముందు, వాళ్ల మొహం మీద. కుర్చీలు కిర్రుమన్నాయి.

"మాకు సిగ్గని చెప్పడానికి నీకు సిగ్గు లేదూ?" ఎడ్డీ లేచి నిలబడ్డాడు, ఈసారి నవ్వడం లేదు. "ఎవరడిగారు నిన్ను మా లోపలి సంగతులు? కంపెనీవాడు గోడకి మిషన్ పెట్టాడు, నువ్వు మా నెత్తికి పెట్టావు!"

"కూర్చోండి," అంది స్ట్రౌడ్, తల ఎత్తకుండానే.

గ్లెన్ అవకాశం వదులుకోలేదు. "చూశారుగా మేడమ్. ఈ కథలు నిజమో కాదో ఈ ఊరివాళ్లే ఒప్పుకోవడం లేదు. నేనడిగేది ఒకటే. ఆ అరవై ఒక్క ఇళ్లల్లో సంచీ పెట్టామని ఈవిడ దగ్గర ఒప్పుకున్నవాళ్ల పేర్లు ఇవ్వమనండి. మేం వెళ్లి చూసుకుంటాం. ఇవ్వకపోతే ఆ భాగం మొత్తం రికార్డులోంచి కొట్టెయ్యండి."

"డాక్టర్ బ్రాండ్," అంది స్ట్రౌడ్. "పేర్లు మీ దగ్గరున్నాయా?"

"నా నోటుబుక్కుల్లో ఉన్నాయి."

"ఇవ్వగలరా?"

"ఇవ్వలేను."

"ఇవ్వలేరా, ఇవ్వరా?"

"ఇవ్వను. ఇవ్వనని మాటిచ్చి ఆ ఇళ్లల్లోకి వెళ్లాను."

"దాచాల్సినప్పుడు దాచలేదుగా!" కాఫీ బల్ల దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. హిల్యా కెటిల్ దించి ముందుకొచ్చింది. ఆవిడ నడుస్తుంటే మధ్యదారిలో కాళ్లు చాపినవాళ్లు లోపలికి లాక్కున్నారు. "మేడమ్, ఆ శ్రీమతి కె నేనే. హిల్యా పెర్టులా. బఠాణీల సంచీ పెట్టాను. మా ఆయన నిద్రలో ఊపిరందక లేచి కూర్చుంటే పెట్టాను. రేపూ పెడతాను. ఇంకెవరి పేరూ నాకు తెలియదు, తెలిసినా చెప్పను."

"థాంక్స్, శ్రీమతి పెర్టులా," అన్నాడు గ్లెన్. కాగితం మీద ఏదో టిక్కు పెట్టాడు. నాకు ఆ టిక్కు చూసి ఒళ్లు మండింది. "మీ పరిస్థితికి బాధగానే ఉంది. కానీ నియమం నియమమే. ఒక్క ఇంటికి వంచితే రేపు రాష్ట్రంలో నలభై వేల ఇళ్లకి వంచాలి. పథకం ఉండదు, మంచులో పనికిరాని మిషన్లు మిగుల్తాయి. గురువారం మావాళ్లు వస్తారు."

"వైనోని ఎక్కడ పెట్టుకోమంటావు గ్లెన్? చిన్నప్పుడు నీకు చేపలు పట్టడం నేర్పినవాడు."

"హిల్యా పిన్నీ," అన్నాడు. ఆ ఒక్కసారే అతని నోరు తడబడింది. వెంటనే సర్దుకున్నాడు. "ఇక్కడ నాకు పిన్నులూ బాబాయిలూ లేరు. ఎవరి ఇల్లైనా నాకు ఒకటే. ఇది రాసుకోండి. ఎవరి ఇల్లైనా సరే, ఏమార్చినట్టు తేలితే మిషన్ వెనక్కి వస్తుంది."

టైపు చేసే అమ్మాయి టకటకా కొట్టింది. హిల్యా అక్కడే మొదటి వరస చివర ఖాళీ కుర్చీలో కూలబడింది. నిటారుగా ఉండే మనిషి వీపు వంచి కూర్చోవడం నేనప్పుడే చూశాను.

స్ట్రౌడ్ పెన్సిలు పక్కన పెట్టింది. "పేర్లు లేని సాక్ష్యం బరువు ఎంతో నేను ఆలోచించుకోవాలి. పది నిమిషాలు విరామం తీసుకుని నా నిర్ణయం చెప్తాను. ఇంకేమైనా ఉందా, మిస్టర్ రౌటియో?"

ఉండకూడదని మనసులో మొక్కుకున్నాను. ఉంది.

"ఒక్క రెండు నిమిషాలు మేడమ్. దేన్ని రికార్డులోంచి కొట్టెయ్యమంటున్నానో మీరు కూడా వినాలి. దీన్ని సైన్సంటూ మాకు ఇచ్చారు." నా రిపోర్టు పైకెత్తి చూపించాడు. దానికి నలభై ఒకటో పేజీ దగ్గర పసుపు చీటీ అంటించి ఉంది, కంపెనీ లాయర్లు అంటించింది. ఇంకెక్కడా చీటీ లేదు, మడత లేదు. ఇళ్లలో విన్న మాటలన్నీ వెనక అనుబంధంలోకి నెట్టి చిన్న అక్షరాల్లో వెయ్యమన్నది గ్లెనే. ముందు పేజీల్లోని పట్టికలు చూసి, వెనక్కి ఎప్పుడూ వెళ్లలేదన్నమాట.

"ఏదో ఒక పేజీ," అంటూ వెనక నుంచి వేలితో తెరిచాడు. "ఇదిగో. యాభై ఎనిమిది. పదిహేడో ఇల్లు."

ఆ పదిహేడో ఇల్లు బే స్ట్రీట్‌లో ఉంది. ఆ మాటలు మూడో వరసలో ఊలు అల్లుకుంటున్న ఐలీవి.

ఆవిడ దగ్గర ఆ మాటలు విన్న రోజు నేను ఇంటికొచ్చి చాలాసేపు నోటుబుక్కు తెరవలేదు. తర్వాత తెరిచి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. రిపోర్టులో 'కొడుకు' అన్న చోట 'మేనల్లుడు' అని మార్చి, పని అయిపోయిందనుకున్నాను. హిల్యా పార విషయంలో చేసిన పొరపాటే మళ్లీ చేశాను. తేడా ఏంటంటే, ఇక్కడ నేను ఉంచేసిన వివరాన్ని వినగానే పోల్చుకోగలిగినవాళ్లు ఈ ప్రపంచంలో ఇద్దరే, ఆవిడా ఆవిడ కొడుకూ.

"ఆ పేజీ వద్దు," అన్నాను, లేచి నిలబడి.

గ్లెన్ నవ్వాడు. "ఎందుకట?"

"ఇంకోటి చదవండి. ఏదైనా చదవండి. అది వద్దు."

"మీరే రాశారు కదా?"

"నేనే రాశాను."

"అబద్ధమా?"

"కాదు."

"మరి?"

ఏం చెప్పను? మీ అమ్మ అని చెప్తే మాట తప్పినట్టు. చెప్పకపోతే అతను చదువుతాడు. ఆ జిమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ నేను పట్టుబడ్డ దొంగలా కనిపించి ఉంటాను. నేను మూడో వరస వైపు చూడలేదు, చూస్తే ఆవిణ్ణి పట్టిచ్చినట్టే అవుతుంది.

"మేడమ్, సాక్షికి తన రాత తనకే భయంగా ఉంది," అన్నాడు గ్లెన్. స్ట్రౌడ్ నన్నొకసారి కళ్లద్దాల పైనుంచి చూసింది. "బయటపెట్టిన రిపోర్టే కదా," అంది. "చదవండి."

అతను గొంతు సవరించుకుని, బడిలో నాటకం వేసేవాడిలా, ముసలావిడ గొంతు పెట్టి మొదలుపెట్టాడు.

"'పదిహేడో ఇంటావిడకి డెబ్బై తొమ్మిదేళ్లు. సాయంత్రం వంటగదిలో రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటుంది. కంపెనీకి ఫోన్ చెయ్యొచ్చుగా అన్నాను.' చూశారా, మన డాక్టరుగారి లోతైన ప్రశ్న." నవ్వులు. "'ఆవిడ అంది: ఎవరికి చెయ్యను? అందులో ఉన్నది మా మేనల్లుడే. వాడు ఆ మిషన్ కోసం ఆరేళ్లు నిద్రపోలేదు.'"

ఇంకా నవ్వుతున్నారు, వెనక వరసల్లో. ముందు వరసలవాళ్లు ఎందుకో తగ్గించారు.

"'ఆదివారం పదింటికి, చర్చికి బయల్దేరబోతుంటే ఫోన్ చేస్తాడు. ఎలా ఉన్నావని అడగడు. అరవై ఎనిమిది ఉందా...'"

అక్కడ ముసలి గొంతు ఆగిపోయింది. అతని సొంత గొంతు కూడా రాలేదు.

పేజీ అతని చేతిలోనే ఉంది. కళ్లు కిందికి దిగుతున్నాయి, పెదవులు కదలడం లేదు. మైకులో అతని ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఎడ్డీ నవ్వబోయి చుట్టూ చూసి మానుకున్నాడు. ఈ ఊరివాళ్లలో కంపెనీలో పెద్ద పనిలో ఉన్నవాడు ఒక్కడే. ఒక వరస తర్వాత ఒక వరస తలలు తిరగడం మొదలుపెట్టాయి, అన్నీ ఒకే వైపుకి.

"మిస్టర్ రౌటియో?" అంది స్ట్రౌడ్. "అయిపోయిందా?"

"చదవరా," అంది ఐలీ.

గట్టిగా అనలేదు. ఊలు ఉండ ఒళ్లోంచి తీసి పక్క కుర్చీలో పెట్టి, ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. చిన్న మనిషి, నిలబడితే కూర్చున్నవాళ్లకన్నా ఓ జానెడు ఎక్కువ.

"ఆపావేం నాన్నా? నా గొంతు పెట్టి అంత బాగా చదువుతున్నావు. తర్వాతి మాట నేను చెప్పనా? 'ఉంది నాన్నా అంటాను. చలేస్తోందని వాడితో ఎలా చెప్పను, వాడి కష్టమంతా వట్టిదని చెప్పినట్టు కాదూ?' అంతే ఉంది అక్కడ. సరిగ్గా చెప్పానా పిల్లా?"

ఆ చివరిది నాకు.

"మేనల్లుడట," అందావిడ నన్నే చూస్తూ. ఆ చూపు హిల్యా చూపుకన్నా చెడ్డది, అందులో కోపం లేదు. "నాకు తోడబుట్టినవాళ్లే లేరు. కొడుక్కి చెప్పుకోలేని మాట ఒకటుంటే నిన్ను నమ్మి నీకు చెప్పాను. దాన్ని అచ్చేయించి, ఊరందరి ముందూ వాడి నోటితోనే చదివించావు. నువ్వు మంచిదానివే అనుకున్నాను."

ఆవిడ నా సంగతి వదిలేసి గ్లెన్ వైపు తిరిగింది.

"ఎవరి ఇల్లైనా ఒకటే అన్నావు, ఆ అమ్మాయి టైపు కూడా చేసుకుంది. సరే. రెండు స్వెట్టర్లూ చాలని రోజు నేనూ బఠాణీల సంచీ పెట్టాను. గురువారం మీవాళ్లని ముందు మన ఇంటికి పంపు. పొద్దున్నే పంపు, కాఫీ పెట్టి ఉంచుతాను. నా మిషన్ పీకి బండిలో వేసుకున్నాక అప్పుడు హిల్యా ఇంటికి వెళ్దురుగాని."

మొదటి వరస చివర్నుంచి హిల్యా లేచింది. నడుచుకుంటూ వెళ్లి ఐలీ పక్కన నిలబడింది. ఆ వెనక ఐదో వరసలో ఎవరో ఒక మగమనిషి లేచాడు. ఆ తర్వాత ఒక పిల్లలతల్లి. నా రిపోర్టులో వాళ్ల ఇళ్ల నెంబర్లు నాకు తెలుసు. ఇరవై రెండు. నలభై. తొమ్మిది. ఎడ్డీ కాసేపు తన బూట్లు చూసుకుని, ఏదో గొణుక్కుంటూ తనూ లేచాడు. ఎడ్డీ నెంబరు ముప్పై ఒకటి.

గ్లెన్ వాళ్లని చూడటం లేదు. అతని కళ్లు ఇంకా ఆ పేజీ మీదే ఉన్నాయి, ఆ తర్వాతి లైను ఇంకా అక్కడ ఉందేమో వెతుకుతున్నట్టు.

స్ట్రౌడ్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"మిస్టర్ రౌటియో, పొద్దున మీరు చేసిన ప్రమాణం ఇంకా మీ మీద ఉంది. రికార్డు కోసం అడుగుతున్నాను. ఈ ఇంట్లో చలిగా ఉందని మీకు ఇంతకుముందు తెలుసా?"

గ్లెన్ తల ఎత్తి వాళ్లమ్మని చూశాడు. "తెలుసు," అన్నాడు. "ఆ ఇంటి కొలత కూడా నిమిషానికోసారి నాకు వచ్చేది."